పట్టు – విడుపు

తెలుగువారి వ్యవహారంలో ‘పట్టువిడుపులు’ అనే జంటపదానికి మంచి గౌరవం ఉంది. పంచాయితీకి కూర్చున్న పెద్దలకు అవి ఉండాలంటారు. పట్టు మాత్రమే ఉండి విడుపు లేనివారితో ఏ తగవూ తీరదు. మనుషుల స్వభావాన్ని గురించి పుట్టిన ఈ మాట ఒక యంత్రభాగానికి అక్షరాలా వర్తిస్తుంది. సరకులు మోసే పికప్ వాహనాల ముందు చక్రాల వెనుక, పైచూపుకు ఆనని చోట, ఒక ఇనుప బిగింపు ఉంటుంది. దాని పేరు బ్రేక్ కాలిపర్. చక్రాన్ని పట్టుకోవడం, పట్టుకున్నదాన్ని విడిచిపెట్టడం అనే రెండే దాని విధులు. బ్రేకు చెడిందనగానే పట్టు సడలిందని ఎవరైనా తలుస్తారు. కాలిపర్ల విషయంలో తరచుగా సంభవించేది దానికి విపరీతం. పట్టిన పట్టును విడవడం అవి మరచిపోతాయి.

ముందు భాగంలో డ్రైవరు కూర్చునే గది, వెనుక తెరచి ఉన్న తొట్టి గల తేలికపాటి సరకు వాహనాన్ని పికప్ అంటారు. అమెరికాలో ఫోర్డ్ సంస్థ 1925లో తన మోడల్ టీ కారుకు కర్మాగారంలోనే తొట్టిని బిగించి అమ్మింది. పొలానికీ పట్టణానికీ మధ్య తిరిగే రైతుకు అటువంటి బండి అవసరం అప్పటికే ఏర్పడి ఉంది. మన దేశంలో జీపు వంశానికి చెందిన పికప్‌లు అంతకుముందే ఉన్నా, 2005లో టాటా ఏస్ వచ్చిన తరువాత చిన్న సరకు వాహనాలు ఊరూరా వ్యాపించాయి. కూరగాయల బుట్టలు, చేపల పెట్టెలు, సిమెంటు బస్తాలు, పెళ్ళి పందిరి సామాను, అన్నీ వాటి మీదనే. ఈ బండ్ల బ్రేకులకు కార్లకు లేని కష్టం ఒకటి ఉంది. కారు బరువు రోజంతా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. పికప్ ఉదయం ఖాళీగా పోయి, సాయంత్రం టన్నుకు పైగా లోడుతో తిరిగి వస్తుంది. బ్రేకు మాత్రం రెండు పూటలా ఒకటే. బ్రేకు వేసినప్పుడు వాహనభారం ముందుకు వాలుతుంది కాబట్టి ముందు చక్రాల మీద శ్రమ అధికం. అందువల్లనే చాలా పికప్‌లలో ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, వెనుక చక్రాలకు డ్రమ్ బ్రేకులు అమరుస్తారు.

డిస్క్ బ్రేకు నిర్మాణం కొలిమి దగ్గర కమ్మరి చేతిలోని పటకారును తలపిస్తుంది. చక్రంతో పాటు తిరిగే పోత ఇనుప పళ్ళెం డిస్కు. చక్రంతో తిరగకుండా నిలిచి, ఆ డిస్కు అంచును రెండు వైపులా ఆవరించి ఉండే పటకారు కాలిపర్. దాని దవడల లోపలి వైపున ప్యాడ్లు అనే రాపిడి పలకలు ఉంటాయి. డ్రైవరు పెడల్ తొక్కగానే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ బ్రేక్ ఆయిల్‌ను నెడుతుంది. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట కలిగించిన పీడనం అన్ని దిశలకూ సమానంగా ప్రసరిస్తుందని పదిహేడవ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్లేజ్ పాస్కల్ చెప్పిన సూత్రమే ఇక్కడ ఆధారం. మాస్టర్ సిలిండర్ పిస్టన్ వైశాల్యం 4 చదరపు సెంటీమీటర్లు, కాలిపర్ పిస్టన్ వైశాల్యం 20 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, మొదటి చోట పెట్టిన బలం రెండవ చోట అయిదు రెట్లవుతుంది.

సాధారణంగా ఈ కాలిపర్లలో పిస్టన్ లోపలి వైపు మాత్రమే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను డిస్కుకు అదుముతుంది. దాని ప్రతిచర్యగా కాలిపర్ దేహమంతా రెండు నున్నని పిన్నుల మీద ఎదురు దిశకు జరిగి, వెలుపలి ప్యాడ్‌ను డిస్కు అవతలి ముఖానికి లాగి అదుముతుంది. పట్టు ఈ విధంగా పూర్తవుతుంది.

మరి విడుపు ఎక్కడి నుంచి వస్తుంది? డ్రమ్ బ్రేకులో షూలను వెనక్కి లాగడానికి గట్టి స్ప్రింగులు ఉంటాయి. కాలిపర్‌లో పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగు లేదు. అక్కడ ఉన్నది ఒక రబ్బరు ఉంగరం మాత్రమే. పిస్టన్‌ను గట్టిగా హత్తుకుని ఆయిల్ బయటికి కారకుండా కాపాడే సీలు అది. పిస్టన్ ముందుకు కదిలినప్పుడు ఆ ఉంగరం కూడా కొద్దిగా ఒరిగి సాగుతుంది. పీడనం తొలగగానే తన సహజరూపానికి వస్తూ, పిస్టన్‌ను మిల్లీమీటరులో స్వల్పభాగం వెనక్కి తీసుకుపోతుంది. కంటికి ఆనని ఆ ఎడమే బ్రేకు విడుపు. టన్నుల బరువును నిలబెట్టే సాధనం తన విడుదల కొరకు ఒక రబ్బరు వలయపు సాగుడు గుణాన్ని నమ్ముకోవడం ఆశ్చర్యకరమే. కాలిపర్‌కు సోకే రుగ్మతలలో పెక్కు ఈ బలహీనమైన విడుపు దగ్గరనే మొదలవుతాయి.

డిస్క్ బ్రేకు కొత్త ఊహ ఏమీ కాదు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దీనికి పేటెంటు పొందాడు. 1953లో లె మాన్ ఇరవైనాలుగు గంటల పందెంలో డన్‌లప్ డిస్క్ బ్రేకులు గల జాగ్వార్ కారు గెలిచిన తరువాతనే లోకం దృష్టి దానిపై నిలిచింది. 1955లో ఫ్రాన్సులో వెలువడిన సిట్రోయెన్ డీఎస్ కారు ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులతోనే వచ్చింది. సరకు బండ్లకు ఇది చేరడానికి మరికొంత కాలం పట్టింది.

కాలిపర్‌కు మొదటి శత్రువు తుప్పు. పిస్టన్ మొన చుట్టూ ముడతల రబ్బరు తొడుగు ఒకటి ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని బూటు అంటారు. వేడికి ఎండి, రాయి తగిలి, కాలం చెల్లి ఆ బూటు చిరిగితే నీరూ దుమ్మూ లోపలికి చేరుతాయి. నున్నగా ఉండవలసిన పిస్టన్ గరుకుబారుతుంది. సీలు ఎంత లాగినా అది వెనక్కి జరగదు. అమెరికాలోని ఉత్తర రాష్ట్రాలలో శీతకాలంలో మంచు పేరుకోకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అందుచేత అక్కడి పికప్‌లలో కాలిపర్లు బిగుసుకుపోవడం అతి సాధారణమైన ఫిర్యాదు. మన ప్రాంతంలో మంచు లేదు గాని ఉప్పు ఉంది. విశాఖపట్నం చేపల రేవుకు నిత్యం వచ్చిపోయే బండ్ల చక్రాల లోపలికి సముద్రపు గాలీ, నేల మీద నిలిచిన ఉప్పునీటి తుంపరలూ చేరుతూనే ఉంటాయి.

ఈ తుప్పు పన్నే ఉపాయం ఒకటి ప్రత్యేకంగా గమనించదగినది. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ కొంచెం కొంచెంగా తన గూటి నుంచి ముందుకు వస్తుంది. అలా వెలుపలికి వచ్చిన భాగం మీదనే మట్టీ తుప్పూ పేరుకుంటాయి. అయినా బండి నడుస్తూనే ఉంటుంది, ఎందుకంటే తుప్పు పట్టిన భాగం సీలుకు ఇవతల ఉంది. ఒకనాడు ప్యాడ్లు పూర్తిగా అరిగిపోతాయి. కొత్త ప్యాడ్లు దళసరిగా ఉంటాయి కాబట్టి, వాటికి చోటు కల్పించడానికి మెకానిక్ పిస్టన్‌ను వెనక్కి నెడతాడు. మట్టీ తుప్పూ పట్టిన భాగం కాస్తా సీలు లోపలికి దూరుతుంది. అక్కడ బిగుసుకుంటుంది, లేదా సీలును కోస్తుంది. నిన్నటిదాకా సవ్యంగా ఉన్న బండి కొత్త ప్యాడ్లు వేయించిన మరునాడే మొరాయించిందని డ్రైవర్లు వాపోవడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. ప్యాడ్లు నకిలీవని దుకాణదారును నిందిస్తారు, పాపం. పిస్టన్‌ను నెట్టే ముందు బూటును తొలగించి చూసి, శుభ్రం చేసి ఉంటే ఆ మాట పడవలసిన అవసరం అతనికి ఉండేది కాదు.

కాలిపర్ జరిగే పిన్నుల కథ కూడా ఇటువంటిదే. వాటికి వేడిని తట్టుకునే, రబ్బరును పాడుచేయని ప్రత్యేకమైన గ్రీజు పూయాలి. చేతికందిన మామూలు గ్రీజు పూస్తే పిన్నుల చుట్టూ ఉన్న రబ్బరు తొడుగులు ఉబ్బిపోతాయి. పిన్నులు పట్టేసుకుంటే కాలిపర్ జరగదు, పని అంతా లోపలి ప్యాడ్ మీద పడుతుంది. లోపలి ప్యాడ్ రేకు దాకా అరిగి, వెలుపలిది కొత్తదానిలా మిగిలి ఉన్నదంటే తప్పు పిన్నులది కావచ్చునని అనుభవజ్ఞులు చెబుతారు.

రెండవ శత్రువు బ్రేక్ ఆయిల్‌లోనే దాగి ఉంటుంది. పేరుకు ఆయిల్ అన్నా అది నూనె జాతికి చెందదు. సాధారణంగా వాడేది గ్లైకాల్ సంబంధమైన రసాయనం. గాలిలోని తేమను పీల్చుకోవడం దాని స్వభావం. డాట్ 3 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. నీరు 3.7 శాతం చేరిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు దిగజారుతుంది. ఆ నీరే లోపలి నుంచి పిస్టన్‌కు తుప్పు పట్టిస్తుంది కూడా.

విడువని కాలిపర్, పాతబడిన ఆయిల్, లోడుతో ఉన్న బండి – ఈ మూడూ ఘాట్ రోడ్డు మీద కలిస్తే ఏమవుతుందో లెక్క వేసి చూడవచ్చు. మొత్తం 3000 కిలోల బరువున్న పికప్ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దాని గతిజశక్తి దాదాపు 4.17 లక్షల జౌళ్ళు. చదునైన రోడ్డు మీద బండిని ఒకసారి ఆపితే అంత శక్తి వేడిగా మారుతుంది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు నుంచి శృంగవరపుకోట వైపు దిగే దారిలో అదే బండి 600 మీటర్లు కిందికి వచ్చిందనుకుందాం. అప్పుడు విడుదలయ్యే స్థితిజశక్తి సుమారు 1.76 కోట్ల జౌళ్ళు. అంటే 60 కిలోమీటర్ల వేగం నుంచి నలభై రెండు సార్లు బండిని ఆపినంత వేడి! తక్కువ గేరులో దిగితే ఇందులో పెద్ద భాగాన్ని ఇంజను భరిస్తుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవారికి ఆ సాయం ఉండదు, భారమంతా బ్రేకులదే. అప్పటికే ఒక కాలిపర్ పట్టు విడవక డిస్కును రాసుకుంటూ ఉంటే, ఆ చక్రం దగ్గర ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం అణగదు గాని ఆవిరి అణగుతుంది. డ్రైవరు పెడల్ తొక్కుతాడు, అది మెత్తగా అడుగుకు పోతుంది, బండి మాత్రం ఆగదు. విడవడం మరచిన బ్రేకు ఆ మలుపులో పట్టును కూడా కోల్పోతుంది. సరకుల బండిలో మనుషులను ఎక్కించడం చట్టవిరుద్ధమే అయినా, కూలి పనులకూ పెళ్ళిళ్ళకూ తొట్టిలో కూర్చుని పోయేవారు ఇంకా ఉన్నారు. అటువంటి వేళ ఒక రబ్బరు ఉంగరం మీద ఎన్ని ప్రాణాలు ఆధారపడి ఉంటాయో చెప్పనవసరం లేదు.

అదృష్టవశాత్తు ఈ రుగ్మత ముందే కబురు పంపుతుంది. బ్రేకు తొక్కకపోయినా బండి ఒక పక్కకు లాగుతుంది. డీజిలు ఖర్చు పెరుగుతుంది. కొంతదూరం నడిపి ఆపినప్పుడు ఒక చక్రం నుంచి మాడిన వాసన వస్తుంది. డిస్కును తాకకుండా, దగ్గరగా చేయి పెట్టి చూసినా రెండు వైపులకూ వేడిలో తేడా తెలిసిపోతుంది. అలా కాగిన డిస్కు మీద బకెట్టుతో చల్లని నీళ్ళు పోయడం కొందరికి అలవాటు. పోత ఇనుము ఆ తాకిడికి వంకరపోవచ్చు, పగలవచ్చు కూడా. నీడన ఆపి వేచి ఉండడమే దానికి తగిన చికిత్స.

చక్రం బిగుసుకున్నంత మాత్రాన కాలిపర్‌నే దోషిగా ఎంచడం కూడా తొందరపాటే. కాలిపర్‌కు ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్ పైపు పైకి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బి, పొరలుగా ఊడి ఉండవచ్చు. కాలితో నెట్టిన బలానికి ఆయిల్ ముందుకు పోతుంది గాని, తిరిగి రావడానికి అంత బలం ఉండదు కాబట్టి అక్కడే చిక్కుకుంటుంది. దీన్ని తేల్చుకోవడానికి నేర్పరి అయిన మెకానిక్ బండిని జాకీ మీద లేపి, కాలిపర్‌కు ఉన్న గాలి తీసే మరను కొద్దిగా వదులు చేస్తాడు. ఆయిల్ చిమ్మి చక్రం వెంటనే వదులైతే దోషం హోస్‌లోనో మాస్టర్ సిలిండర్ వైపునో ఉన్నట్లు. ఆయిల్ పోయినా చక్రం కదలకపోతే పిస్టనో పిన్నులో పట్టేశాయన్నమాట. రెండు నిమిషాల ఈ పరీక్ష చేయక, చెడని కాలిపర్‌ను మార్చి, చెడిన హోస్‌ను అలాగే ఉంచి పంపే షెడ్లు కూడా లేకపోలేదు. నెలనెలా ఫైనాన్సు వాయిదా కట్టుకునే డ్రైవరుకు ఆ వృథా ఖర్చు చిన్నది కాదు.

పిస్టన్ గుంటలు పడకుండా నున్నగానే ఉంటే సీలూ బూటూ మార్చి పాత కాలిపర్‌నే వాడుకోవచ్చు. గుంటలు పడితే మార్చక తప్పదు. ప్యాడ్లను మాత్రం రెండు ముందు చక్రాలకూ ఒకేసారి మార్చాలి, లేకపోతే పట్టు ఒక పక్క ఎక్కువై బండి లాగుతుంది. పాత ఆయిల్‌ను తీసివేసి, అప్పుడే మూత తీసిన డబ్బాలోని ఆయిల్‌ను పోయాలి. పని ముగిసిన తరువాత పెడల్‌ను కొన్నిసార్లు తొక్కి వదలి, జాకీ మీద ఉన్న చక్రాన్ని చేత్తో తిప్పి చూస్తారు. ప్యాడ్లు సన్నగా రాసుకునే చప్పుడు వినవస్తుంది. ఆ చప్పుడుతోనే చక్రం ఒకటి రెండు చుట్లు తిరిగి తనంతట తాను నిలిస్తే, మెకానిక్ చేతులు తుడుచుకుని జాకీ దించుతాడు.