పన్ను నొప్పికి రెండు భయాలు
సూదికి భయపడి కొందరు, కరోనాకు భయపడి కొందరు... వాయిదా వేసుకుని బాధపడింది అందరూ

రాజమండ్రి: "ఏవండీ, దవడ వాచినట్టుందే?"

"ఆయ్, పిప్పి పన్నండి. లవంగం పెట్టుకుంటున్నానండి. ఈ రోజుల్లో పళ్ల డాక్టరు దగ్గరికి ఎవరెళ్తారండీ బాబూ!"

2020 వేసవిలో గోదావరి జిల్లాల్లో వీధి అరుగుల మీద, మందుల షాపుల ముందు ఇలాంటి మాటలు మామూలైపోయాయి. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. గుండె నొప్పి వస్తేనే ఆసుపత్రికి వెళ్లడానికి జంకిన రోజులవి. ఇక పన్ను నొప్పిని ఎవరు లెక్క చేస్తారు? రాష్ట్రంలో కరోనా కేసులు అన్నిటికన్నా ఎక్కువ నమోదైంది అప్పటి ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లాలోనే. కాబట్టి ఆ భయం ఊరికే పుట్టింది కాదు.

కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. అయితే ఆనాడు వాయిదా పడిన పిప్పి పళ్లు కొందరి నోట్లో ఇంకా వాయిదాలోనే ఉన్నాయి. ఎందుకని? పన్ను నొప్పికి ఉన్న భయం ఒకటి కాదు, రెండు!

పాత భయం

పళ్ల డాక్టరంటే భయం కరోనాతో వచ్చింది కాదు. కుర్చీలో వెల్లకిలా పడుకోవాలి. నోరు తెరిచి ఉంచాలి. నొప్పి పుట్టినా 'ఆగండి' అనడానికి నోరు ఖాళీ ఉండదు. పైన లైటు, చెవి పక్కన మిషను రొద, చిగురులో సూది. చిన్నప్పుడెప్పుడో పడ్డ బాధ గుర్తుంటే ఇక చెప్పనక్కరలేదు.

దీనికి తోడు మన వైపు తరతరాలుగా ఉన్న మాట ఒకటుంది: 'పై పన్ను పీకిస్తే కంటి చూపు పోతుంది.' ఇందులో నిజం లేదు. పంటి నరం వేరు, చూపునిచ్చే నరం వేరు. అయినా పై పన్ను పీకించుకోవడానికి వెనుకాడే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఈ భయాన్ని కొలవడానికి వైద్యుల దగ్గర ఒక కొలబద్ద ఉంది. 1969లో అమెరికాకు చెందిన నార్మన్ కోరా నాలుగు ప్రశ్నలతో దీన్ని తయారు చేశారు. 1995లో దాన్ని సవరించి అయిదు ప్రశ్నలు చేశారు. రేపు చికిత్సకు వెళ్లాలంటే ఎలా ఉంటుంది? అక్కడ బల్ల మీద కూర్చుని మీ వంతు కోసం చూస్తుంటే? పన్ను డ్రిల్లు చేస్తారంటే? పాచి తీస్తారంటే? చిగురులో మత్తు సూది వేస్తారంటే? జవాబులకు 5 నుంచి 25 దాకా మార్కులు. 19, ఆపైన వస్తే భయం బాగా ముదిరినట్టు లెక్క.

కొత్త భయం

కరోనా వచ్చాక ఆ భయాన్ని కొలవడానికీ 2020లో ఏడు ప్రశ్నల కొలబద్ద ఒకటి తయారైంది. దీన్ని, పాత దాన్ని కలిపి పలు దేశాల్లో పరిశోధకులు జనాన్ని ప్రశ్నించారు. కరోనా అంటే ఎక్కువ భయపడేవారిలో పళ్ల చికిత్స భయమూ ఎక్కువగానే ఉన్నట్టు చాలా చోట్ల కనిపించింది.

ఒకటి రెండోదాన్ని పుట్టించిందని దీని అర్థం కాదు. దేనికైనా ముందే కంగారుపడే మనిషి రెండింటికీ కంగారుపడతాడు. కానీ రెండు భయాలూ కలిసే చోటు మాత్రం ఒకటుంది. అది ఆ కుర్చీయే. ఊరంతా మాస్కు పెట్టుకోమంటుంటే, మాస్కు తీసి నోరు తెరవమనే చోటు అది. పన్ను అరగదీసే మిషను నిమిషానికి మూడు లక్షలకు పైగా చుట్లు తిరుగుతుంది. వేడెక్కకుండా దాని మీద నీళ్లు చిమ్ముతాయి. ఆ తుంపర్లు లాలాజలంతో కలిసి గాలిలో తేలుతాయి.

అందుకే కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మే నెలలో దంత వైద్యులకు నిబంధనలు విడుదల చేసింది. కంటైన్‌మెంట్ జోన్లలో క్లినిక్కులు మూసేయాలి. మిగతా చోట్ల అత్యవసరమైతేనే చికిత్స చేయాలి. ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, వ్యాధి వ్యాప్తి తగ్గేదాకా తొందర లేని పంటి పనులు వాయిదా వేసుకోవచ్చని సలహా ఇచ్చింది.

భయానికి దొరికిన సాకు

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. 'సూదికి భయపడి వెళ్లలేదు' అంటే ఇంట్లోవాళ్లు నవ్వుతారు. 'కరోనా కదండీ, అందుకే వెళ్లలేదు' అంటే ఎవరూ నవ్వరు. 'మంచి పని చేశావు' అని మెచ్చుకుంటారు కూడా. అలా పాత భయం కొత్త భయం చాటున దాక్కుంది. నిజంగా ఆగదగిన వాళ్లతో పాటు, ఆగకూడని వాళ్లూ ఆగిపోయారు.

పిప్పి పన్ను లాక్‌డౌన్ వినదు. చిన్న రంధ్రంగా ఉన్నప్పుడు సిమెంటుతో పోయేది, నరం దాకా వెళితే రూట్ కెనాల్ అడుగుతుంది. అదీ దాటితే పీకాల్సిందే. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. గొడ్డలి దాకా వచ్చాక చికిత్స నిజంగానే కష్టమవుతుంది. దాంతో 'నేను భయపడ్డది సబబే' అనిపిస్తుంది. తర్వాతిసారి మరింత ఆలస్యం. భయం, వాయిదా, నొప్పి, మళ్లీ భయం... ఇదో గానుగ.

కింది దవడ పన్ను చీము నాలుక కిందికీ, మెడలోకీ పాకితే ఊపిరి ఆడక ప్రాణం మీదికి వస్తుంది. షుగరు ఉన్నవారికి ఈ ముప్పు ఎక్కువ.

కన్నూ పన్నూ

2021లో రెండో విడతలో బ్లాక్ ఫంగస్ బయటపడింది. మే నెలలో కేంద్రం దీన్ని ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన వ్యాధిగా ప్రకటించమని రాష్ట్రాలను కోరింది. షుగరు అదుపులో లేనివారికి, కరోనాకు స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవారికి ఇది సోకింది. చెంప వాపు, మొద్దుబారడం, ఉన్నట్టుండి పై పళ్లు కదలడం, అంగిలి నల్లబడటం దీని గుర్తులు. కొందరిలో దీన్ని మొదట పట్టుకోగలిగింది పళ్ల డాక్టర్లే. ఆలస్యమైన వాళ్లలో కొందరికి కన్ను తీయాల్సి వచ్చింది.

పై పన్నుకూ కంటికీ ముడిపెట్టే పాత నమ్మకానికి ఇది సాక్ష్యంలా కనిపించవచ్చు. కానీ వరుస చూడాలి. పన్ను పీకినందువల్ల కన్ను పోలేదు. ఫంగస్ వల్ల పన్ను కదిలింది, అదే ఫంగస్ కంటికి పాకింది. కదిలిన పన్నును త్వరగా చూపించుకున్న వారికి కన్ను దక్కే అవకాశం పెరిగింది.

భయపడ్డంత జరిగిందా?

కరోనా తొలినాళ్లలో ముప్పు బాగా ఎక్కువగా ఉన్న వృత్తుల్లో పళ్ల డాక్టరు వృత్తి ఒకటని లెక్కలు వేశారు. అమెరికాలో 2020 జూన్‌లో రెండు వేలకు పైగా దంత వైద్యులను ప్రశ్నిస్తే, వ్యాధి సోకినవారు నూటికి ఒకరికన్నా తక్కువే అని తేలింది. మాస్కులు, గ్లౌజులు, ముఖానికి అడ్డు, రోగికీ రోగికీ మధ్య విరామం, పరికరాల శుద్ధి. ఈ జాగ్రత్తలు పని చేశాయి.

ఇలాంటి భయం కొత్తదీ కాదు. 1990లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక దంత వైద్యుడి నుంచి రోగికి ఎయిడ్స్ క్రిమి సోకి ఉండవచ్చన్న వార్త అక్కడ పెద్ద కలవరం రేపింది. ఆ ఎయిడ్స్ కాలంలోనే పళ్ల డాక్టరు చేతికి గ్లౌజులు, ప్రతి పరికరాన్నీ ఆవిరిలో శుద్ధి చేయడం ఖాయమయ్యాయి. భయం జాగ్రత్తగా మారితే మేలు చేస్తుంది. వాయిదాగా మారితేనే కీడు.

ఏం చేయాలి?

భయంగా ఉందని డాక్టరుకు ముందే చెప్పండి, సిగ్గుపడొద్దు. చెయ్యెత్తితే పని ఆపాలని మాట తీసుకోండి. మొదటిసారి పరీక్ష వరకే చేయించుకుని రండి. తోడుగా ఒకరిని తీసుకెళ్లండి. పరికరాలు ఎలా శుద్ధి చేస్తారని అడగడం తప్పు కాదు, అడగండి. చిగురు మీద నొప్పి మాత్ర పెట్టవద్దు, చర్మం కాలుతుంది. వాపు మీద కాపడం పెట్టవద్దు. షాపులో అడిగి యాంటీబయాటిక్‌లు మింగవద్దు.

లంక పొగాకు చుట్టలు తాగే పెద్దలు నోట్లో తెల్ల మచ్చ గానీ, ఎర్ర మచ్చ గానీ, రెండు వారాలు దాటినా మానని పుండు గానీ కనిపిస్తే అసలు ఆగకూడదు.

దూరమన్న మాటకు ఇప్పుడు తావు లేదు. రాజానగరం దగ్గర జి.ఎస్.ఎల్., లెనోరా, భీమవరంలో విష్ణు, ఏలూరు దగ్గర దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ దంత కళాశాలలు ఉన్నాయి.

చివరగా ఒక మాట. తాపేశ్వరం కాజా కోసం మారాం చేసే పిల్లాణ్ణి 'పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి సూది వేయిస్తా' అని బెదిరించవద్దు. ఆ మాట ఆ పూటకు పని చేస్తుంది. భయం మాత్రం వాడికి పళ్లున్నంత కాలం ఉంటుంది.