అమామి కుందేలు

జపానుదేశపు అమామి ఓషిమా, తొకునోషిమా దీవులయందుఁ దప్ప మఱెక్కడను గానరాని నల్లని కుందేలొకటి కలదు. తల్లి తన పిల్లను వేఱొక బొరియలో నుంచి, ద్వారమును మట్టితోఁ గప్పి, ఇంచుమించు రెండు రాత్రుల కొకమాఱు వచ్చి పాలిచ్చి, మరల మూసి పోవును.

1921లోనే ప్రభుత్వము దీనిని సంరక్షింపఁదగిన ప్రకృతిసంపదగాఁ బ్రకటించెను. అయినను 1979లో విషసర్పములను జంపుటకై అమామి ఓషిమాలో విడిచిన సుమారు 30 ముంగిసలు వేలకొలఁది యయ్యెను. పాములు రాత్రియందును, ముంగిసలు పగటియందును సంచరించునవి గాన నవి తారసిల్లుట యరుదు. ముంగిసలు కుందేళ్లనే భక్షింపసాగెను.

2000లో ప్రభుత్వము ముంగిసల నిర్మూలనమునకుఁ బూనుకొని, బోనులు పెట్టించి, శిక్షణపొందిన కుక్కలచే వెదకించి, 2024 సెప్టెంబరులో నా పని ముగిసినదని ప్రకటించెను. కుందేళ్లు మరల వృద్ధిపొందినవి. ఒక్కనాఁటి తొందరపాటును దిద్దుటకు 24 ఏండ్లు పట్టినది. అయినను దిద్దుబాటు సాధ్యమైనందుకు మేము సంతసించుచున్నాము.