మన పూర్వుల పేళ్ళు ఎచ్చట దొరకును?

నిరుటి వేసవి సెలవులకు ముందు తొమ్మిదవ తరగతి బాలబాలికలకు నేనొక చిన్న పని నియమించితిని. తండ్రి, తాత, ముత్తాత, తల్లి, అవ్వ, అవ్వకు తల్లి, వీరందరి పేళ్ళును ఊళ్ళును ఒక కాగితమున వ్రాసి తెమ్మంటిని. పెక్కురు తండ్రివైపు మూడు తరములు తడుముకొనక వ్రాసిరి. తల్లివైపు గడి మాత్రము అనేకుల కాగితములయందు వట్టిదిగా నుండెను. వల్లూరునుండి వచ్చు బాలుడొకడు ఆ గడిలో "జేజమ్మ" యని వ్రాసి, "అయ్యా, ఆమెను అందరును అట్లే పిలిచెడివారట. అసలు పేరు ఎవరికిని తెలియదు" అనెను. తరగతి నవ్వినది. నాకు నవ్వు రాలేదు. మా యింటను అట్టి గడి యొకటి కలదు.

పూర్వుల పేళ్ళు వెదకగోరువారు ముందుగా గ్రహింపవలసినదేమనగా, మన జిల్లా దస్త్రములు పన్నుకొరకు పుట్టినవి. 1800 సంవత్సరమున నిజాము ఈ సీమను కుంఫిణీవారికి దత్తము చేసెను. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇచ్చటనుండి, పొలములను కొలిపించి, రైతుకు రైతుకు పన్ను కట్టించెను. అందుచే భూమిగల రైతు పేరు సర్కారు లెక్కకెక్కినది. ఆ భూమిని దున్నిన కూలివాని పేరు ఎక్కలేదు. (మన్రోపై అభిమానముచే ఈ ప్రాంతమున బిడ్డలకు మన్రోలప్ప, మన్రోలమ్మ యని పేళ్ళు పెట్టిరి. మీ వంశమున అట్టి పేరున్నచో, అది ఏ కాలమునకు తరువాతిదో వేరుగా చెప్పనక్కరలేదు.)

1858లో ఆరంభమైన ఇనాం కమీషనువారి రిజిస్టర్లు ఇంతకంటె మేలైనవి. ఇనాము మొదట ఎవరికి ఇయ్యబడినది, ఇప్పుడనుభవించువారు వారికేమగుదురు అనునది వానిలో విచారించి వ్రాసిరి. అర్చకులు, కరణములు, ఖాజీలు, గ్రామసేవకులు మొదలగు ఇనాముదారుల సంతతివారికి ఒక్క పుటలోనే రెండు మూడు తరములు దొరకవచ్చును. పిమ్మట సెటిల్‌మెంటు రిజిస్టరు. దీనిని మన కచ్చేరీలలో డైగ్లాట్ అందురు. అడుగబోవునపుడు సర్వే నంబరు చేతనుండవలెను. పేరు చెప్పి వెదకుమన్నచో గుమాస్తా విసుగుకొనును, అది న్యాయమే.

జిల్లా సరిహద్దులు మారినవని మరువరాదు. కదిరి 1910 వరకును, మదనపల్లె, వాయల్పాడు 1911 వరకును కడప జిల్లాలోనివే. కదిరినుండి పులివెందులకు కోడలై వచ్చిన ముత్తవ్వ ఊరి లెక్కలు అనంతపురమున లేనిచో, కడపలో అడిగి చూడవలెను.

కరణముల దండకవిలెలనుండి కర్నల్ మెకంజీ పరివారము సేకరించిన కైఫీయతులు మరియొక నిధి. 1820లో కడపకు వచ్చిన బ్రౌనుదొర అట్టి వ్రాతలకు నకళ్ళు తీయించెను. ఆయన పేర కడపలోనున్న భాషా పరిశోధన కేంద్రమువారు మన జిల్లా కైఫీయతులను సంపుటములుగా అచ్చొత్తించిరి. ఊరెట్లు పుట్టినది, చెరువెవరు త్రవ్వించిరి, గుడికెవరు మాన్యమిచ్చిరి అనునవి అందు చదువవచ్చును. మన వల్లూరు 13వ శతాబ్దమున కాయస్థ ప్రభువగు అంబదేవునకు రాజధాని. ఆనాటి శాసనములందు దాతల పేళ్ళు నేటికిని చెక్కుచెదరక యున్నవి. వారి చెరువులలో మట్టి మోసినవారెవరో ఏ రాతియందును లేదు. "వల్లూరి" యను ఇంటిపేరుగలవారందరును ఈ వల్లూరువారే యనుకొనుటయు పొరపాటు. ప్రకాశము జిల్లాలోను ఆ పేరి గ్రామము కలదు.

చచ్చినవారి విషయమునను ఇదే భేదము. 1905లో కాటన్ అను దొర మదరాసు రాజధానిలోని సమాధుల వ్రాతలు కూర్చి గ్రంథముగా ప్రకటించెను. అందున్నవి చాలవరకు ఐరోపావారి సమాధులే. మన పల్లెలలో గోరీపై రాయి నిలుపగలిగినవారెందరు?

ఇక భూమి లేనివారికిని, స్త్రీలకును దారి యేది? లండన్ మిషనువారు 1822లో కడపకు వచ్చిరి. తరువాత జమ్మలమడుగున వారి వైద్యశాల వెలసినది. కాంబెల్ ఆసుపత్రిలో పుట్టితిమని చెప్పువారు మనలో నెందరో కలరు. బాప్తిస్మపు పుస్తకములలో మాలపల్లె కూలివాని పేరును, అతని భార్య పేరును, బిడ్డ పేరును ఒకే వరుసలో వ్రాయబడినవి. అంతకుముందు ఆ కుటుంబముల పేళ్ళను కాగితముపై పెట్టినవారు అరుదు. అయినను వీనిలోను లోపములు గలవు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము పెండ్లి పుస్తకమున వధూవరుల తండ్రుల పేళ్ళకు గడి కలదు, తల్లుల పేళ్ళకు లేదు. ఊరి సంఘములలో ఈ పుస్తకములు దొరకనిచో, మిషను దొరలు స్వదేశమునకు వ్రాసిన ఉత్తరములును నివేదికలును లండను నగరమున ప్రాచ్య, ఆఫ్రికా విద్యల కళాశాలలో 1973 నుండి భద్రముగా నున్నవి.

కరువులలో ఊరు విడిచి సముద్రము దాటినవారు మరియొక లెక్కలో కనబడుదురు. 1860 మొదలు 1911 వరకు సుమారు లక్షన్నర మంది కూలీలు దక్షిణాఫ్రికాలోని నేటాలునకు పోయిరి. వారిలో ఎక్కువమంది మదరాసు రేవున ఓడ యెక్కినవారే. ఆ ఓడల పట్టీలలో ప్రతి మనిషికిని, స్త్రీకి సైతము, సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, గ్రామము వ్రాసిరి. స్వగ్రామమున ఏ దస్త్రమునకును ఎక్కని స్త్రీ, ఊరు విడిచిన దినమున లెక్కకెక్కినది!

ఇన్ని కాగితములకంటె ముందు, పెద్దలనడుగవలెను. స్త్రీలు తమ అవ్వ పేరు మరచినను, ఆమె పుట్టినిల్లు ఏ ఊరో మరువరు. కావున పేరుకంటె ముందు పుట్టినిల్లడుగుడు. సంవత్సరమడిగిన చెప్పలేరు, "ధాత కరువునాడు", "నందన కరువునాడు" అందురు. ఈ సంవత్సరముల పేళ్ళు అరువదియేండ్లకొకసారి తిరిగివచ్చును గనుక జాగ్రత్త వలయును. ధాత 1876; నాడు మొదలైన ఘోరక్షామము 1878 వరకు మన సీమను పీడించెను. నందన మరింత చిక్కు. 1832 నందనలో గుంటూరు సీమను పాడుచేసిన కరువు. 1892 ఉగాదికి మరల నందన వచ్చునప్పటికి, అంతకుముందటి వానలు తప్పి దత్తమండలములలో తిండికి కొరత. 1952 నందనలో రాయలసీమ యంతట గంజి కేంద్రములు.

మా జేజి నా చిన్ననాట తరచు చెప్పెడిది: "నందన కరువులో మా యమ్మను చంకనెత్తుకొని మా జేజి పెన్న దాటి వచ్చినాది." ఆమె పేరేమనిన, "ఏమో నాయనా, జేజే" అనెడిది. నేను చాలకాలము 1952 కరువనుకొంటిని. పెద్దవాడనై లెక్క చూచుకొనగా, 1952 నాటికి మా జేజియే నలుగురు బిడ్డల తల్లి. 1832 మరీ దూరము. కావున 1892 అని నిశ్చయించుకొని, ఆ చుట్టుపట్ల ఏండ్ల బాప్తిస్మపు పుస్తకములు వెదకితిని. ఒక సంఘపు పాతపెట్టెలో 1893 నాటి పుట దొరకినది. ఒక స్త్రీ, వయస్సు సుమారు ఇరువదియైదు, వృత్తి కూలి, చంటిబిడ్డతో కూడ బాప్తిస్మము పొందినది. క్రొత్త పేరు మార్త, బిడ్డ రూతు. రూతు మా జేజి తల్లి పేరు. పూర్వనామమను గడిని చెదలు తినివేసినవి. "చె" అను అక్షరమొక్కటి మిగిలినది. చెన్నమ్మయో, చెంచమ్మయో! ఆ పుట ముందు చాలసేపు కూర్చుంటిని.

స్వగ్రామము గడి మాత్రము చెడలేదు. పెన్నకు ఎగువనున్న ఊరది. గండికోట జలాశయమున నీరు పెంచినపుడు, 2020లో తాళ్ళప్రొద్దుటూరు మునిగినట్లు, ఆ ఊరును మునిగినది. ఊరివారు నాలుగు దిక్కులకు చెదరిపోయిరి. అచ్చటి గోరీలను చూడబోవుటకు ఇక దారి లేదు.

వల్లూరి బాలుని కాగితము మరల తీసి చూడగా, అతని తల్లి పుట్టినింటివారిదియు ఆ ఊరేయని తెలిసినది. "జేజమ్మ" కు తోడికోడలి కూతురొకతె పునరావాస కాలనీలో ఉన్నదట. తొంబదియేండ్లు దాటినవి, చెవులు సరిగా వినబడవు గాని, పాతసంగతులెత్తిన ఆపదట. వేసవి సెలవులలో పోయి అడిగెదనని బాలుడనెను. అంతవరకు ఆగవలదనియు, ఈ ఆదివారమే పోదమనియు, నేనును వచ్చెదననియు చెప్పితిని. ఇద్దరము రెండు పేళ్ళడుగవలసియున్నది.