కొత్త విండోస్ వేశాక ల్యాప్‌టాప్ తెరుచుకోకపోతే

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ మామూలు మద్దతు ముగిసింది. అందుకని చాలామంది విండోస్ 11కి మారారు, ఇంకా మారుతున్నారు. ఈ మార్పిడిలో కొన్ని ల్యాప్‌టాప్‌లు మొరాయిస్తాయి. కంపెనీ గుర్తు కనబడుతుంది, చుక్కలు గిరగిరా తిరుగుతాయి, అంతటితో సరి. అప్పుడేం చేయాలో ఈ రోజు చెప్పుకుందాం.

బామ్నిలో ఉన్నవారు బాగుచేయించడానికి బల్లార్‌పూరో చంద్రపూరో బయలుదేరుతారు. అక్కడ ఎవరైనా "ఫార్మాట్ చేసేద్దాం" అంటే వెంటనే తలూపకండి. బీరువా తాళం పట్టేస్తే లోపలి పట్టుచీరలు పోయినట్టా? విండోస్ తెరుచుకోకపోయినా పిల్లల సర్టిఫికెట్లు, పింఛను కాగితాలు, పెళ్లి ఫొటోలు సాధారణంగా డిస్కులో భద్రంగానే ఉంటాయి. వాటిని తుడిచేసేది ఫార్మాట్.

ముందుగా కొంత ఓపిక పట్టాలి. తెర మీద శాతం అంకె పెరుగుతున్నంతసేపూ ఛార్జర్ తీయకండి, యంత్రం ఆపకండి. గంటల తరబడి కదలిక లేకపోతేనే పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి ఆపండి. పెన్‌డ్రైవ్, ప్రింటర్ వంటివి ఊడదీసి మళ్లీ వేసి చూడండి.

అయినా తెరుచుకోలేదా? గుర్తు కనబడగానే మళ్లీ ఆపండి. ఇలా వరుసగా రెండు మూడుసార్లు చేస్తే మరమ్మతు తెర దానంతటదే వస్తుంది. అందులో మొదట 'స్టార్టప్ రిపేర్' ఎంచుకోండి. ఫలించకపోతే 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్' ప్రయత్నించండి. మారి పది రోజులు దాటకపోతే పాత విండోస్‌కు తిరిగి వెళ్లే దారి కూడా మామూలుగా అక్కడే ఉంటుంది. 'రీసెట్' చివరి మార్గం. అందులో 'కీప్ మై ఫైల్స్' అన్నదే నొక్కాలి. అయితే మీరు వేసుకున్న ప్రోగ్రాములు మాత్రం పోతాయి.

ఒక్కోసారి ఆ తెర 48 అంకెల బిట్‌లాకర్ తాళంచెవి అడుగుతుంది. అది చాలావరకు మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే దాగి ఉంటుంది. ఫోనులో ఆ ఖాతా తెరిచి చూసుకోవచ్చు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు ఫైలు వల్ల ప్రపంచమంతటా సుమారు 85 లక్షల కంప్యూటర్లు నిలిచిపోయాయి. ఆ ఒక్క ఫైలు తీసేస్తే చాలు, అవి తిరిగి లేచాయి. కానీ బిట్‌లాకర్ ఉన్న చాలా యంత్రాల్లో ఆ చిన్న పనికి కూడా ఈ అంకెలే అవసరమయ్యాయి.

కాబట్టి కొత్త విండోస్ వేసే ముందే రెండు పనులు చేయండి. ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి ఎక్కించుకోండి. ఆ 48 అంకెలు కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజులతో పాటు దాచుకోండి. ఇప్పటికే ఆగిపోయిన యంత్రాన్ని దుకాణంలో ఇచ్చేటప్పుడు, "ముందు నా ఫైళ్లు తీసివ్వండి, ఆ తర్వాతే ఫార్మాట్" అని స్పష్టంగా చెప్పండి. విండోస్ మళ్లీ వేసుకోవచ్చు. తుడిచిపెట్టుకుపోయిన ఫొటో మళ్లీ రాదు.