‘ఒప్పుకుంటున్నాను’ అనే ముందు...

బ్యాంకులో దాచుకున్న సొమ్ముకు ఇద్దరు కాపలాదారులు. ఒకరు బ్యాంకు, రెండోవారు ఖాతాదారు. పూర్వం ఈ కాపలా తేలిక. పాసుబుక్కు పెట్టెలో భద్రంగా ఉంటే చాలు. సంతకం కలవకపోతే గుమాస్తా డబ్బు ఇచ్చేవాడు కాదు. నేడు బ్యాంకే మన సెల్‌ఫోన్‌లోకి వచ్చింది. గడప దాటకుండానే డబ్బు పంపవచ్చు, లెక్క చూసుకోవచ్చు. అయితే ఆ తలుపు తెరిచే ముందు బ్యాంకు వెబ్‌సైటు ఒక పొడవైన పత్రం చూపిస్తుంది. దాని అడుగున చిన్న గడి. ‘షరతులన్నీ చదివాను, ఒప్పుకుంటున్నాను’ అని పక్కన రాసి ఉంటుంది. చదివేవారు ఎందరు? గడిలో టిక్కు పెట్టి ముందుకు సాగేవారే ఎక్కువ.

చదవకుండా పెట్టినా అది సంతకంతో సమానమే. లావాదేవీని రాసి పెట్టుకోవాలనీ, చేసిన ఒప్పందానికి కట్టుబడాలనీ, అమానతును కాపాడాలనీ మనకు చిన్ననాటి నుంచే నేర్పుతారు. వంద రూపాయల బాకీకి చీటీ రాయించుకునే మనం, లక్షల రూపాయల ఖాతాకు సంబంధించిన ఒప్పందాన్ని కన్నెత్తి చూడకపోవడం విచిత్రం కాదా?

తొగుటకు ఇది దూరపు మాట కాదు

సిద్దిపేట జిల్లా తొగుట మండలం పేరు చెప్పగానే మల్లన్నసాగర్ గుర్తుకొస్తుంది. 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైన ఈ జలాశయం కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊళ్లు మునిగాయి. పొలం పోయింది, ఇల్లు పోయింది. వాటికి బదులుగా వచ్చిన పరిహారం బ్యాంకు ఖాతాల్లో పడింది. తాతల నాటి భూమి పాసుబుక్కులో ఒక అంకెగా మారింది. భూమిని ఎవరూ రాత్రికి రాత్రి ఎత్తుకుపోలేరు. అంకెను ఎత్తుకుపోవడానికి పది నిమిషాలు చాలు.

మరో సంగతి కూడా ఈ ప్రాంతం వారు గమనించాలి. పాత మెదక్ జిల్లాలో సేవలందించిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. అంతకు ముందు 1941లో నిజాం కాలంలో ఏర్పడి, తర్వాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌గా పేరు మార్చుకున్న బ్యాంకు 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమైంది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బ్యాంకు పేరు మారితే వెబ్‌సైటు మారుతుంది, యాప్ మారుతుంది. ఖాతాదారు తికమక పడతాడు. మోసగాడికి అదే అదను. ‘మీ బ్యాంకు మారింది, ఈ లింకు నొక్కి వివరాలు నింపండి, లేకుంటే ఖాతా ఆగిపోతుంది’ అంటూ సందేశం పంపుతాడు. అది నిజమో కాదో తేల్చుకునేదెలా?

చిరునామా చివర చూడండి

దీనికి రిజర్వు బ్యాంకు ఒక మార్గం చూపింది. దేశంలోని బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను 2025 అక్టోబర్ 31 నాటికి ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అనే చిరునామాకు మార్చుకోవాలని ఆదేశించింది. ఈ చిరునామా బ్యాంకులకు తప్ప ఇతరులకు ఇవ్వరు. ఇక్కడ ఒక మెలకువ అవసరం. చిరునామాలో బ్యాంకు పేరు కనిపించగానే నమ్మకూడదు. ఆ పేరును ఎవరైనా ముందు భాగంలో తగిలించుకోవచ్చు. మొదటి గీటుకు ముందు, సరిగ్గా చివరన ‘బ్యాంక్ డాట్ ఇన్’ ఉన్నదా లేదా అన్నదే చూడాలి. ఆ మాటల తర్వాత మరో చుక్క, మరో పేరు ఉంటే అనుమానించాల్సిందే.

చిరునామా పక్కన తాళం బొమ్మ ఉంటే భద్రమేనని చాలామంది అనుకుంటారు. మీ ఫోనుకూ ఆ వెబ్‌సైటుకూ మధ్య సాగే సమాచారాన్ని మూడోవాడు చదవలేడని మాత్రమే ఆ తాళం చెబుతుంది. అవతల కూర్చున్నవాడు నిజాయితీపరుడని చెప్పదు. దొంగ కూడా తన దుకాణానికి తాళం పెట్టుకోగలడు. ఇక వాట్సాప్‌లో బ్యాంకు యాప్ పేరుతో ఫైలు వస్తే తెరవనే కూడదు. అది ఫోనులోకి దిగితే మీకు వచ్చే ఓటీపీలను వాడు చదివేసే ప్రమాదం ఉంది.

షరతుల్లో ఏముంటుంది?

బ్యాంకుల షరతులు భాషలో వేరైనా సారంలో దగ్గరగానే ఉంటాయి. పాస్‌వర్డు, పిన్, ఓటీపీ ఖాతాదారు సొంతం, వాటిని ఎవరికీ చెప్పకూడదు. సెల్ నంబరు మారితే వెంటనే తెలపాలి. అనుమానాస్పద లావాదేవీ కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఫిర్యాదు చేయాలి. డబ్బు పంపేటప్పుడు ఖాతా నంబరు సరిచూసుకునే బాధ్యత పంపేవారిదే. చాలా కాలం నంబరు ఒక్కటే చూసి డబ్బు జమ చేసేవారు. పంపే ముందు అవతలి ఖాతాదారు పేరు తెరపై చూసుకునే వీలును 2025 ఏప్రిల్ 1 కల్లా కల్పించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేరు చదవకుండా ముందుకు పోవద్దు.

‘ఎవరికీ’ అంటే ఇంట్లోవారికి కూడానా? అవును. బెంగళూరులో 2013లో ఒక ఇల్లాలు ప్రసూతి సెలవులో ఉండి, ఏటీఎం కార్డునూ పిన్‌నూ భర్తకు ఇచ్చి పాతిక వేల రూపాయలు తెమ్మని పంపింది. యంత్రం చీటీ ఇచ్చింది గానీ నోట్లు ఇవ్వలేదు. ఆమె వినియోగదారుల ఫోరానికి వెళ్లింది. పిన్ మరొకరికి ఇవ్వడం షరతులకు విరుద్ధమని బ్యాంకు వాదించింది. 2018లో ఫోరం ఆ వాదననే అంగీకరించింది. భార్యాభర్తల మధ్య ఉన్న నమ్మకం ఒప్పందం ముందు చెల్లలేదు.

మన కుటుంబాల్లో ఇది మామూలే కదా! భర్త దుబాయిలోనో సౌదీలోనో ఉంటాడు. ఖాతా అతని పేర, పాస్‌వర్డు భార్య దగ్గర, ఓటీపీ మాత్రం అక్కడి ఫోనుకు. దాన్ని అతను ఫోన్లో చదివి వినిపిస్తాడు. కొందరు పాస్‌వర్డును నెట్ సెంటర్ కుర్రవాడికే అప్పగిస్తారు. రేపు నష్టం జరిగితే ‘పాస్‌వర్డు పంచుకున్నారు’ అన్న ఒక్క మాటతో బ్యాంకు తప్పుకునే వీలుంది. ఇంత చిక్కు దేనికి? ఇద్దరి పేరా ఉమ్మడి ఖాతా తెరిచి, ఎవరి ప్రవేశం వారికి తీసుకోవచ్చు. ఇంటి ఖర్చుకు భార్య పేరిట వేరే ఖాతా తెరిచి డబ్బు పంపవచ్చు.

తప్పు ఎవరిదైతే భారం వారిదే

షరతులు ఖాతాదారును కట్టిపడేయడానికే అనుకోవడం సరికాదు. బ్యాంకును కట్టేసే నియమాలూ ఉన్నాయి. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు గ్రామీణ బ్యాంకులతో సహా వాణిజ్య బ్యాంకులకు ఒక సర్క్యులర్ జారీ చేసింది. దాని ప్రకారం లోపం బ్యాంకుదైతే ఖాతాదారు పైసా భరించనక్కరలేదు. తప్పు ఇద్దరిదీ కాక మూడోవాడిదైతే, బ్యాంకు నుంచి సందేశం అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేసినవారికీ నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే సాధారణ పొదుపు ఖాతాదారుకు ఒక్కో లావాదేవీపై గరిష్ఠంగా 10,000 రూపాయలు, కనీస నిల్వ అక్కరలేని ప్రాథమిక ఖాతాకు 5,000 రూపాయల వరకు భారం పడుతుంది. ఖాతాదారే ఓటీపీ చెప్పి ఉంటే, ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టమంతా అతనిదే. ఫిర్యాదు తర్వాత జరిగేది బ్యాంకుది. తప్పు ఖాతాదారుదని రుజువు చేయాల్సిన భారం కూడా బ్యాంకుపైనే పెట్టారు. ఇలాంటి నియమాలను రిజర్వు బ్యాంకు ఎప్పటికప్పుడు సవరిస్తుంటుంది. అందుకే అమల్లో ఉన్న గడువు ఎంతో మీ శాఖలో అడిగి తెలుసుకోండి. గడువు ఏదైనా, ఆలస్యం ఖాతాదారుకే చేటు.

బ్యాంకులూ పొరపాట్లకు అతీతం కావు. హైదరాబాద్‌లోని ఏపీ మహేష్ సహకార అర్బన్ బ్యాంకు నుంచి 2022 జనవరిలో 12 కోట్ల రూపాయలకు పైగా దొంగలు దోచుకున్నారు. బ్యాంకు సిబ్బందికి వచ్చిన నకిలీ ఈమెయిళ్ల ద్వారానే వారు లోపలికి చొరబడ్డారని పోలీసులు తేల్చారు. భద్రతా లోపాలకు గాను రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది. తాళం సరిగా వేయని కాపలాదారు ఎవరైనా జవాబు చెప్పుకోక తప్పదు.

చేయవలసిన పనులు

మొదట, బ్యాంకు దగ్గర ఉన్న సెల్ నంబరు ఇప్పుడు మీరు వాడుతున్నదేనా చూసుకోండి. పాత నంబరుకు సందేశం పోతే, దొంగతనం జరిగిన సంగతి కూడా మీకు తెలియదు. బ్యాంకు వెబ్‌సైటును సందేశంలోని లింకు ద్వారా తెరవవద్దు. చిరునామా శాఖలో అడిగి రాసుకుని, మీరే టైపు చేయండి. పని కాగానే ‘లాగౌట్’ నొక్కండి.

డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే అవతలి ఖాతాలో సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ. బ్యాంకుకు కూడా అదే రోజు ఫిర్యాదు చేసి, రసీదు నంబరు తీసుకోండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తినివ్వకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దానికి ఫీజు లేదు.

చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉన్నారు. జుమా నమాజు తర్వాత ఇంటికి చేరాక, అమ్మానాన్నల పక్కన ఓ అరగంట కూర్చుని ఆ షరతుల పత్రాన్ని తెలుగులోనో ఉర్దూలోనో చదివి వినిపించండి. చెమటోడ్చి సంపాదించిన సొమ్ముకు, పోయిన పొలానికి బదులుగా వచ్చిన సొమ్ముకు ఆ అరగంట కాపలా అవసరం.