తేదీ ఒక రోజు వెనక్కి ఎట్లా పోతుంది?

మన దేశానికి స్వాతంత్ర్యం ఎప్పుడొచ్చింది? "గిదేం ప్రశ్న, 1947 ఆగస్టు 15 అర్ధరాత్రి" అంటారు. కాని అదే క్షణాన్ని కంప్యూటర్ "ఆగస్టు 14, సాయంత్రం 6.30" అని రాసుకోవచ్చు. అది తప్పు కాదు. ఎందుకో చూద్దాం.

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు. ఇంగ్లాండులోని గ్రీనిచ్ దగ్గర రేఖాంశం సున్న. మన దేశ సమయానికి ఆధారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. అది ఆంధ్రప్రదేశ్‌లో కాకినాడ దగ్గర నుంచి పోతుంది. 82½ని 15తో భాగిస్తే 5½. అందుకే మన గడియారం గ్రీనిచ్ కంటే 5½ గంటలు ముందుంటుంది. హుస్నాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి కాకినాడ కంటే సుమారు 12 నిమిషాలు ఆలస్యమైతది. ఐనా దేశమంతటికీ ఒకటే సమయం.

కంప్యూటర్లు అన్ని దేశాల వాళ్లకూ పని చేయాలి. అందుకని సమయాన్ని ఎక్కువగా యు.టి.సి. అనే ప్రపంచ కాలంలో దాచుకుంటాయి. అది గ్రీనిచ్ సమయమే అనుకోండి.

మరి చిక్కు ఎక్కడ? ఒక విద్యార్థి పుట్టిన తేదీ 2010 జులై 1 అనుకుందాం. దరఖాస్తులో తేదీ ఒక్కటే నింపుతాం, గంట రాయం. సరిగా రాయని ప్రోగ్రాము దానికి రాత్రి 12 గంటలు తగిలిస్తుంది. తర్వాత యు.టి.సి.లోకి మార్చడానికి 5½ గంటలు తీసేస్తుంది. అప్పుడది జూన్ 30 సాయంత్రం 6.30 అవుతుంది. గంట వదిలేసి తేదీ మాత్రం అచ్చు వేస్తే జూన్ 30!

ఒక్క రోజే కదా అనుకోవద్దు. పదో తరగతి మెమోలో ఒక తేదీ, దరఖాస్తులో ఇంకో తేదీ ఉంటే తిప్పలు మనకే. వయసు పరిమితి దగ్గర ఒక్క రోజుతోనే సీటు పోవచ్చు.

దీనికి ఉపాయం రెండు మాటలు:
1. పుట్టిన తేదీ అంటే క్యాలెండరులో ఒక గడి. దాన్ని తేదీగానే ఉంచాలె. గంట తగిలించొద్దు, మార్చొద్దు.
2. ఫోన్ చేసిన సమయం, దరఖాస్తు పంపిన సమయం క్షణాలు. వాటిని యు.టి.సి.లో దాచి, చూపేటప్పుడు చూసేవాళ్ల ఊరి సమయంలోకి మార్చాలె.

మనం చేయాల్సింది: దరఖాస్తు నింపినంక ప్రింటు తీసి, పుట్టిన తేదీని మెమోతో సరిపోల్చుకోవాలె.

మీకో లెక్క: ఆగస్టు 15న పొద్దున 6 గంటలకు మనం జెండా పండుగకు తయారవుతుంటే, అమెరికాలోని డల్లాస్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఏ తేదీ, ఎన్ని గంటలు? ఆగస్టులో డల్లాస్ యు.టి.సి. కంటే 5 గంటలు వెనక. జవాబు చీటీ మీద రాసి ఈ కాగితం కింద అంటించండి.