వరద: పత్రికా భాషలో వాచ్యార్థం, లక్ష్యార్థం

జిల్లా పేజీలో ఒకే రోజు ఈ రెండు శీర్షికలు పక్కపక్కన వచ్చాయనుకోండి: 'జూరాలకు కొనసాగుతున్న వరద', 'మండలానికి నిధుల వరద'. మాట ఒకటే. మొదటిదాన్ని క్యూసెక్కుల్లో కొలుస్తారు, అది వాచ్యార్థం. రెండోదానికి లెక్క రూపాయల్లో ఉంటుంది, నీటితో పని లేదు. అది లక్ష్యార్థం.

ఒక మాట దాని అసలు అర్థంలో వాక్యంలో అతకకపోవడాన్ని మన ఆలంకారికులు ముఖ్యార్థబాధ అన్నారు. అప్పుడు ఆ అర్థంతో సంబంధమున్న మరో అర్థాన్ని గ్రహిస్తాం. ఇదే లక్షణ. దీనికి తరతరాలుగా చెప్పే ఉదాహరణ 'గంగలో గొల్లపల్లె'. ప్రవాహంలో పల్లె ఉండదు కాబట్టి గంగ అంటే గంగ ఒడ్డు అని తెలుసుకుంటాం.

చదువుకునే రోజుల్లో ఈ ఉదాహరణ మీద నాకే సందేహమూ రాలేదు. 2009 అక్టోబరు తర్వాత మాత్రం తరగతిలో దీన్ని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా కాస్త ఆగేవాణ్ణి. ఆ నెల మొదట్లో తుంగభద్ర పొంగి కర్నూలుతో పాటు ఆలంపూర్‌నూ ముంచింది. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులైతే, నీరు 896 అడుగులు దాటింది. ఆ రోజుల్లో ఎవరైనా 'తుంగభద్రలో ఆలంపూర్' అని రాసి ఉంటే అందులో లక్షణ ఏమీ లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే. అక్కడున్న బాధ అలంకారశాస్త్రంలోది కాదు.

ఆ ప్రాంతానికి ఇది కొత్త కాదు. శ్రీశైలం ప్రాజెక్టు వల్ల కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గరి కూడవెల్లి ముంపునకు గురైంది. అక్కడి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపూర్‌కు తెచ్చి నిలబెట్టారు. 'ముంపు గ్రామం' అనేది అక్కడి పాఠకులకు రోజువారీ మాట. 'అప్పుల్లో మునిగిన రైతు' అన్నప్పుడు మనకు నీళ్లు గుర్తుకు రావు, ఎందుకంటే వాడివాడి అది రూఢి అయిపోయింది. ఇల్లు మునిగినవాడికి గుర్తుకు రావచ్చు. 'నిధుల వరద' అలా కాదు. అది రాశి, వేగం స్ఫురించాలని కావాలని చేసిన ప్రయోగం, కాబట్టి ప్రయోజన లక్షణ.

వాచ్యార్థమైనా ఒకటే అనుకోకండి. నీటిపారుదల శాఖవారి వాడుకలో వరద అంటే జలాశయంలోకి వచ్చే ప్రవాహం. 'జూరాలకు వరద' గద్వాల రైతు సంతోషంగా చదివే వార్త. రాజోలిబండ పథకం కింద తెలంగాణలో 87,500 ఎకరాల ఆయకట్టు ఉంది. తుంగభద్రలో ప్రవాహం లేకపోతే ఆ కాలువకు నీరెక్కదు. అదే నీరు ఒడ్డు దాటితే అదే మాట విపత్తుకు పేరవుతుంది. 'నిధుల వరద' రైతు ఎదురుచూసే వరద నుంచి పుట్టింది, 'ఫిర్యాదుల వరద' ఊరు భయపడే వరద నుంచి. (పాలమూరులో మరో చిక్కు: 'రైతుల ఆశలపై నీళ్లు' అంటే చెడ్డ వార్త. ఆశ పడిందే నీళ్ల కోసం!)

జవాబు పత్రాలు దిద్దుతున్నప్పుడు ఒకసారి 'బాధితులకు హామీల వెల్లువ' అన్న శీర్షిక కనబడింది. వరద వార్తకు వరద రూపకం తగదని నేను నమ్మేవాణ్ణి, ఇప్పటికీ చాలావరకు నమ్ముతాను. ఇల్లు పోయినవాడి వార్త మీద అలాంటి మాట అలంకారంగా వేలాడుతుంది. మార్కులు తగ్గించాను. ఆ విద్యార్థి నదీతీర గ్రామం నుంచి వచ్చినవాడు. సంపర్క తరగతిలో నా దగ్గరికి వచ్చి, "సార్, రెండూ వచ్చినయి, రెండూ పోయినయి. మాకు బురద మిగిలింది" అన్నాడు. అతను రాసింది లక్షణ దాటి వ్యంజన దాకా పోయిందని అప్పుడు గాని నాకు తెలియలేదు. తగ్గించిన మార్కులు తిరిగి వేశాను. అయితే ఆ వ్యంగ్యం పాఠకుడికి అందాలంటే శీర్షిక కింద వార్తలో ఏ హామీ ఎప్పుడిచ్చారో, ఏది నెరవేరలేదో ఉండాలి. అతని వార్తలో అది లేదు. ఆ మాటా అతనికి చెప్పాను.

అభ్యాసం: ఈ వానాకాలంలో ఒక వారం పాటు మీ జిల్లా పేజీల్లో వరద, వెల్లువ, ముంపు, గండి అనే మాటలున్న శీర్షికలను రాసుకోండి. ముఖ్యార్థబాధ ఎందులో ఉందో, ఎందులో లేదో గుర్తించండి. 'కాలువకు గండి', 'ఖజానాకు గండి' రెండూ దొరుకుతాయి. మొదటిది దొరికితే, ఆ గండి ఎన్నో కిలోమీటరు దగ్గర పడిందో, ఎన్ని ఎకరాల్లో పైరు మునిగిందో విలేకరి రాశాడో లేదో కూడా చూడండి.